పోయిన పీసీసీకి నకలు ఉండదు.. మళ్లీ మొదటికే!

పలాస, టెక్కలి: గల్ఫ్ ప్రయాణానికి అన్నీ సిద్ధమయ్యాక పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను పోగొట్టుకున్నవారు ముందుగా చేసే పని, దానికి నకలు ఇప్పించే మనిషి కోసం వెతకడం. అటువంటి మనిషి కాశీబుగ్గలోనైనా, టెక్కలిలోనైనా, సోంపేటలోనైనా సులువుగానే దొరుకుతాడు. దొరకనిది నకలే. వాడుకలో పీసీసీగా పిలిచే ఈ పత్రానికి రేషన్ కార్డుకో, పదో తరగతి మార్కుల జాబితాకో ఉన్నట్లు నకలు ఇచ్చే పద్ధతి లేదు. పోయిందంటే కొత్తగా దరఖాస్తు చేసుకోవలసిందే. ఈ ఒక్క సంగతి ముందుగా తెలియక ఉద్దానం పల్లెల్లో అనేక కుటుంబాలు డబ్బును, అంతకంటే విలువైన వీసా గడువును చేజార్చుకుంటున్నాయి.

నకలు ఎందుకు ఉండదో తెలియాలంటే ఆ పత్రంలో ఏముంటుందో చూడాలి. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పీసీసీ ఒక వ్యక్తి మంచివాడని చెప్పే యోగ్యతా పత్రం కాదు. ఫలానా పాస్‌పోర్టు కలిగిన వ్యక్తిపై, ఫలానా దేశానికి వెళ్లేందుకు అడ్డుగా నిలిచే ప్రతికూల సమాచారం ఆ తేదీ నాటికి లేదని మాత్రమే అది చెబుతుంది. కువైట్ కోసం తీసుకున్న పత్రం ఖతార్‌కు పనికిరాదు. ఆరు నెలల కిందటి పత్రం ఈ రోజు పరిస్థితికి సాక్ష్యం కాజాలదు. అందువల్లనే అనేక దేశాలు పాత తేదీల పీసీసీలను అంగీకరించవు. పోయిన పత్రాన్ని తిరిగి పొందడమంటే పాత కాగితాన్ని మళ్లీ అచ్చు వేయించడం కాదు, ఈ నాటి పరిస్థితిపై మళ్లీ విచారణకు నిలబడటం.

ఇంతకూ చేయవలసిన పని పెద్దదేమీ కాదు. పాస్‌పోర్టు సేవా వెబ్‌సైటులో కొత్త దరఖాస్తు నింపి, 500 రూపాయల రుసుము చెల్లించి, అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అసలు పాస్‌పోర్టు, దాని మొదటి, చివరి పేజీల ప్రతులు, పని ఒప్పందం, వీసా ప్రతి వెంట ఉండాలి. పాస్‌పోర్టులో ఉన్న చిరునామా మారితే ప్రస్తుత నివాసానికి రుజువు చూపాలి. శ్రీకాకుళం జిల్లా విశాఖపట్నం ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం పరిధిలో ఉంది. ఒకప్పుడు పీసీసీ కోసం విశాఖ వెళ్లక తప్పేది కాదు. 2022 సెప్టెంబరు 28 నుంచి దేశంలో ఆన్‌లైన్‌తో అనుసంధానమైన పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాలన్నింటిలోనూ ఈ దరఖాస్తులు స్వీకరించేందుకు విదేశీ వ్యవహారాల శాఖ అనుమతించడంతో శ్రీకాకుళం పోస్టాఫీసులోని కేంద్రం ఈ ప్రాంతానికి దగ్గరైంది. దగ్గర అన్నా, టెక్కలి నుంచి సుమారు 50 కిలోమీటర్లు. పలాస నుంచి 75 పైమాటే. కవిటి, ఇచ్ఛాపురం వారికి రానుపోను ఒక రోజు కూలి పోయినట్లే. పలాస కేంద్రంగా 2022 ఏప్రిల్‌లో రెవెన్యూ డివిజన్ ఏర్పడినా ఈ విషయంలో ప్రయాణ భారం తగ్గలేదు.

స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తేనే కొత్త పీసీసీ వస్తుందన్న నమ్మకం కూడా పల్లెల్లో బలంగా ఉంది. పత్రం పోయిందని ఫిర్యాదు చేసి రసీదు దగ్గర ఉంచుకోవడం మంచిదే. ఎవరి చేతిలోనైనా పడి దుర్వినియోగమైతే అది రక్షణగా ఉంటుంది. అయితే కొత్త దరఖాస్తుకు ఆధారం పాస్‌పోర్టే గాని ఆ రసీదు కాదు. పీసీసీతో పాటు పాస్‌పోర్టు కూడా పోతే మాత్రం కథ వేరు. అప్పుడు పోలీసు ఫిర్యాదు తప్పనిసరి. ముందు పాస్‌పోర్టును తిరిగి పొంది, ఆ కొత్త నంబరుతో పీసీసీకి వెళ్లాలి. పరాయి దేశంలో పోగొట్టుకున్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. విచారణ అవసరమైతే అది తిరిగి స్వగ్రామం పరిధిలోని పోలీసు స్టేషన్‌కే వస్తుంది.

అసలు చిక్కు గడువుల దగ్గర ఉంది. వీసాకు ఒక గడువు, గల్ఫ్ వైద్య పరీక్షకు మరొక గడువు, యజమాని ఇచ్చిన తేదీ ఇంకొకటి. పీసీసీ కోసం మళ్లీ విచారణ మొదలైతే మిగతా కాగితాల కాలం కరిగిపోతూ ఉంటుంది. మూత్రపిండాల వ్యాధి వణికిస్తున్న ఉద్దానంలో వైద్య పరీక్ష రెండోసారి చేయించుకోవడం ఎంత భయమో ఆ కుటుంబాలకే తెలుసు. కువైట్ వంటి దేశాలకైతే పీసీసీ చేతికి వచ్చిన తరువాత విదేశీ వ్యవహారాల శాఖ ధ్రువీకరణ, ఆపై ఆ దేశ రాయబార కార్యాలయం ముద్ర కావాలి. అపోస్టిల్ ఒప్పందంలో కువైట్ చేరకపోవడమే దీనికి కారణం. ముద్రలన్నీ పడిన పత్రం పోతే పోయింది 500 రూపాయల కాగితం కాదు, ఆ మెట్లన్నీ మళ్లీ ఎక్కవలసిందే.

దేశాల నిబంధనలు మారుతూ ఉండటం మరొక తలనొప్పి. 2022 ఆగస్టులో సౌదీ అరేబియా ఉద్యోగ వీసాలకు పీసీసీ తప్పనిసరి చేయడంతో దేశవ్యాప్తంగా దరఖాస్తుల రద్దీ పెరిగింది. అదే ఏడాది నవంబరు 17న భారతీయులకు ఇక అది అక్కర్లేదని ఢిల్లీలోని సౌదీ రాయబార కార్యాలయం ప్రకటించింది. పోయిన పత్రం కోసం పరుగులు తీసే ముందు, వెళ్లే దేశం దానిని అడుగుతోందో లేదో తెలుసుకుంటే సగం ఖర్చు తప్పవచ్చు.

పాత కేసుల నీడ

కొత్త విచారణ అంటే కొందరు జంకడానికి ఈ ప్రాంతంలో ప్రత్యేక కారణం ఉంది. సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రానికి వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2010 జులై 14న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయిన సంగతి విదితమే. ఆ రెండు ఉద్యమాల్లోనూ గ్రామస్థులపై పెద్ద సంఖ్యలో కేసులు నమోదయ్యాయి. పరిశ్రమ వద్దన్నందుకు ముద్దాయిలైన వారికి, దొంగతనం కేసులో ముద్దాయికి కంప్యూటర్ రికార్డులో తేడా కనిపించదు. పేరు, తండ్రి పేరు, క్రైం నంబరు.. అంతే. ఉద్యమ కేసులే కాదు, గట్టు తగాదాలు, పంచాయతీ ఎన్నికల కొట్లాటలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. మొదటి పీసీసీ నాటికి ఏమీ లేని వ్యక్తిపై రెండోది అడిగేలోగా ఊరి గొడవలో కేసు పడితే పత్రం రాకపోవచ్చు.

కేసు పెండింగులో ఉంటే పాస్‌పోర్టును నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టు చట్టం ఇస్తున్నది. కోర్టు అనుమతి తెచ్చుకున్న వారికి 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర నోటిఫికేషన్ వెసులుబాటు కల్పించింది. అయితే కోర్టు అనుమతితో పాస్‌పోర్టు దక్కినంత మాత్రాన మచ్చలేని పీసీసీ దక్కదు. కేసు కొట్టివేసినా, ప్రభుత్వం ఉపసంహరించినా ఆ ఉత్తర్వు కోర్టు ఫైలులో ఉంటే చాలదు. ప్రాసిక్యూషన్ ఉపసంహరణకు గతంలో నేర విచారణ స్మృతి 321వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహిత 360వ సెక్షన్ ప్రకారం కోర్టు సమ్మతి అవసరం. ఆ తీర్పు ధ్రువీకృత ప్రతిని తీసుకుని, స్టేషన్ రికార్డులో నమోదయ్యేలా చూసుకోవడం ముద్దాయి మీదనే పడుతోంది. నిజానికి అది పోలీసు శాఖ తనంతట తాను చేయవలసిన పని. శాంతిభద్రతల పేరుతో ఎన్నికల వేళ చేసే బైండోవర్లు శిక్షలు కావు. విచారణకు వచ్చిన సిబ్బంది వాటి గురించి అడిగితే ఆ మాట స్పష్టంగా చెప్పాలి.

ఈ భయాన్నే దళారులు సొమ్ము చేసుకుంటున్నారు. పాత పీసీసీ జిరాక్సుపై తేదీ మార్చి రంగు అచ్చు తీయించి ఇచ్చే వారూ లేకపోలేదు. ధ్రువీకరణ దశలో అది బయటపడితే అసలు నేరం ఏదీ లేని మనిషి నకిలీ పత్రం వాడిన కేసులో ఇరుక్కుంటాడు. 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చాక వలస వినా దారి లేదనుకున్న కుటుంబాలు ఇటువంటి వలలో తేలికగా పడతాయి. నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు సైతం సేవా రుసుముగా 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీకి మించి వసూలు చేయరాదన్న నిబంధన ఉంది. ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో కేంద్రం నిర్వహించే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు.

పత్రాలు పోవడంలో సగం వంతు అసలు పోవడం కాదు, ఏజెంటు దగ్గర చిక్కుకుపోవడం. బాకీ తేలేదాకా పాస్‌పోర్టు, పీసీసీ తన వద్దే ఉంచుకునే హక్కు ఏ ఏజెంటుకూ లేదు. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి అని పాస్‌పోర్టు చట్టం 17వ సెక్షన్ చెబుతున్నది. అటువంటప్పుడు పత్రం పోయిందని కాక, ఫలానా వ్యక్తి ఇవ్వడం లేదని ఫిర్యాదు రాయాలి. పోయిందని రాసి కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే పాతది రద్దవుతుంది. పాత నంబరుపై వచ్చిన వీసా కూడా దానితోపాటే చిక్కుల్లో పడుతుంది.