వంద రోజుల స్ట్రీక్ సరే... అరబీ వచ్చిందా?

గల్ఫ్ వీసా చేతికొచ్చిన ఇంట్లో హడావిడి తెలిసిందే. మెడికల్, టికెట్, సూట్‌కేసు పనుల మధ్య ఇప్పుడు ఇంకొకటి చేరింది. కుర్రాడి ఫోన్‌లో ఆకుపచ్చ గుడ్లగూబ బొమ్మ ఉన్న యాప్. రోజూ పది నిమిషాలు ప్రశ్నలకు జవాబులు నొక్కితే ‘స్ట్రీక్’ లెక్క ఒక రోజు పెరుగుతుంది. మూడు నెలలు తిరిగేసరికి ‘మావాడికి అరబీ వచ్చేస్తోంది’ అని అమ్మీ చుట్టాలందరికీ చెప్పేస్తుంది. ఆ మాట ఎంతవరకు నిజమో విమానం ఎక్కకముందే చూసుకోవాలి.

ఆ యాప్ పేరు డ్యూలింగో. అమెరికా కంపెనీది. 2012లో జనం చేతికొచ్చింది. అరబీ కోర్సు 2019లో చేరింది. దీంట్లో మంచి లేకపోలేదు. ప్రకటనలు భరిస్తే డబ్బు కట్టక్కర్లేదు. తప్పు చెప్పినా నవ్వేవాళ్లు ఉండరు. రోజూ కాసేపు కూర్చునే అలవాటు పడుతుంది. అక్షరం, శబ్దం కలిపి వినిపిస్తుంది కాబట్టి మొదటి అడుగుకు బాగానే పనికొస్తుంది.

చిన్నప్పుడే ఖుర్ఆన్ చదవడం నేర్చుకున్నవారికి ఈ మొదటి అడుగు మరీ సులువు. అలిఫ్, బే కొత్త కాదు కదా. పాఠాలు చకచకా దాటిపోతాయి. పొరపాటు అక్కడే మొదలవుతుంది. ముస్‌హఫ్‌లో ప్రతి అక్షరానికీ జబర్, జేర్, పేష్ ఉంటాయి. దుకాణం బోర్డు మీద, ఆసుపత్రి చీటీ మీద, కంపెనీ కాగితం మీద అవి ఉండవు. మాట ముందే తెలిస్తేనే సరిగ్గా చదవగలం.

రెండో చిక్కు మాధ్యమం. 2025 ఏప్రిల్‌లో ఈ కంపెనీ ఒకేసారి 148 కొత్త కోర్సులు ప్రకటించింది. తెలుగు తెలిసినవారు కూడా స్పానిష్, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, జపనీస్, కొరియన్, చైనీస్ నేర్చుకునే వీలు కలిగింది. ఆ ఏడింటిలో అరబీ లేదు. మన కుర్రాళ్లు చేసే అరబీ కోర్సు ఇంగ్లీషు వచ్చినవారి కోసం తయారైనది. ఇంగ్లీషే అంతంతమాత్రంగా వచ్చిన డ్రైవరో, ఎలక్ట్రీషియనో ఒక భాష కోసం రెండు భాషలతో కుస్తీ పట్టాలి.

మూడోది, యాప్ నేర్పేది ఏ అరబీ? ప్రధానంగా ఫుస్‌హా, అంటే పుస్తకాల్లో, వార్తల్లో ఉండే ప్రామాణిక అరబీ. ఇంట్లో, బజార్లో గల్ఫ్ అరబ్బులు మాట్లాడేది ఖలీజీ. యాప్‌లో ‘కైఫ హాలుక్’ అని నేర్చుకున్నవాడికి అక్కడ ‘ష్లోనక్’ వినిపిస్తుంది. ‘ఇప్పుడు’ అనడానికి పుస్తకంలో ‘అల్ ఆన్’, వీధిలో ‘అల్ హీన్’. కాఫీని పుస్తకంలో ‘ఖహ్వా’ అంటే, చాలాచోట్ల నోటి మాటలో అది ‘గహ్వా’. ఫుస్‌హా వృథా అని కాదు. కాగితాలన్నీ అందులోనే ఉంటాయి. కానీ అదొక్కటే వస్తే ఎదుటివాడి మాట అర్థం కాదు.

ఇక ఉర్దూ తెలిసిన ఇళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. ఉర్దూలో అరబీ మాటలు వేలల్లో ఉన్నాయి. అది పెద్ద సాయమే. కానీ కొన్ని మోసం చేస్తాయి. మనకు ‘రఖమ్’ అంటే డబ్బు, అక్కడ నంబరు. మనకు ‘సయ్యారా’ అంటే గ్రహం, అక్కడ కారు. మనకు ‘మక్తబ్’ అంటే పిల్లలు చదువుకునే చోటు, అక్కడ ఆఫీసు. మనం ‘ఇజాజత్’ అంటే అనుమతి అనుకుంటాం. అక్కడ ‘ఇజాజా’ అంటే సెలవు. ఇంగ్లీషు మీదుగా నేర్పే పాఠానికి ఈ తేడా చెప్పాలన్న ఆలోచనే రాదు.

కాలం లెక్క కూడా వేసుకోవాలి. రోజుకు పది నిమిషాలంటే ఏడాదికి దాదాపు 61 గంటలు. అమెరికా ప్రభుత్వం తన దౌత్య ఉద్యోగులకు అరబీ నేర్పడానికి సుమారు 2,200 తరగతి గంటలు పెట్టుకుంటుంది. పనికి వెళ్లేవారికి అంత అవసరం లేదు. కానీ మూడు నెలల స్ట్రీక్ అంటే పదిహేను గంటలు మాత్రమేనని గుర్తుంటే చాలు.

ఇదంతా ఎందుకంటే, అరబీ నిజంగా అవసరమయ్యేది బజార్లో కాదు. అక్కడ చాలావరకు ఉర్దూ, హిందీలతో నెట్టుకురావచ్చు. అవసరమయ్యేది కాగితం ముందు. సౌదీ కార్మిక చట్టం 9వ ఆర్టికల్ ప్రకారం ఉద్యోగ ఒప్పందం అరబీలో ఉండాలి. పక్కన మరో భాషలో ప్రతి ఉన్నా, తేడా వస్తే చెల్లేది అరబీ ప్రతే. జీతం, పనిగంటలు, సెలవు ఎన్ని రాశారో తెలియకుండా సంతకం పెట్టినవాడికి గుడ్లగూబ అడ్డం రాదు.

అందుకే యాప్‌ను స్ట్రీక్‌తో కాదు, ఇంట్లోనే మూడు పరీక్షలతో తూచాలి. ఒకటి, ఫోన్ పక్కన పెట్టి తన పేరు, ఊరు, పని, ఒంట్లో ఎక్కడ నొప్పో రెండు నిమిషాలు అరబీలో చెప్పగలడా? రెండు, జబర్, జేర్ లేని ఒక చిన్న బోర్డు చదివి అర్థం చెప్పగలడా? మూడు, ఒప్పందంలో ‘రాతిబ్’ (జీతం), ‘ఇజాజా’ (సెలవు), ‘సాఆత్’ (గంటలు) ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపగలడా?

చూపలేకపోతే యాప్ తీసేయక్కర్లేదు. దానికి ఒక మనిషిని జోడించాలి. పదేళ్లు రియాద్‌లోనో దుబాయ్‌లోనో పనిచేసి వచ్చిన చాచా, మామూ చాలా ఇళ్లలో ఉన్నారు. వారానికి రెండు సాయంత్రాలు వారితో అరబీలోనే మాట్లాడిస్తే నోరు తిరుగుతుంది. కాగితాల అరబీకి మదర్సాలో చదివిన ఆలిమ్ సాబ్ సాయం అడగొచ్చు. యాప్ మాటలు పరిచయం చేస్తుంది. మాట్లాడించేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషే.