సేవాకాలం వ్యర్థమా?

యువవైద్యుడు సేవకై పల్లెకు వెళితే వృత్తిలో వెనుకబడతాడని తల్లిదండ్రులు బెంగపడుతుంటారు. నిజామాబాదు దాపుననున్న డిచ్‌పల్లి చరిత్ర అందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతుంది.

స్కాట్లాండు వైద్యురాలు ఇసబెల్ కెర్, దాత రాజా నర్సాగౌడ్ తోడ్పాటుతో 1915లో అక్కడ కుష్ఠురోగుల ఆసుపత్రి నెలకొల్పారు. 1920ల దశకంలో జాన్ లో అనే యువవైద్యుడు అందులో పనిచేశారు. చాల్‌మోగ్రా వంటి నూనెల సూదిమందే దిక్కైన రోజులవి. అక్కడి రోగులే ఆయనకు గురువులని నేనంటాను. పిమ్మట ఆయన కలకత్తాలో కుష్ఠు పరిశోధనకు సారథ్యం వహించారు. నైజీరియాకు వెళ్లి, నోటి ద్వారా ఇచ్చే చౌకైన డాప్సోన్ మాత్ర ఫలిస్తుందని 1950లో ప్రకటించారు.

నాయకత్వం పదవితో సంక్రమించదు. రోగి పక్కన కూర్చున్నప్పుడే అలవడుతుంది. మన పిల్లలను బోధన్ పల్లెలకు పంపడానికి సంకోచమెందుకు? మీరేమంటారు?