ముప్పై ఏళ్ల తూకం

1996 ఫిబ్రవరి 10న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ప్రపంచ చదరంగ విజేత గ్యారీ కాస్పరోవ్ 37 ఎత్తుల తర్వాత ఓటమి ఒప్పుకున్నప్పుడు, ఎదుటి కుర్చీలో కూర్చున్న మనిషి గెలిచినవాడు కాదు. ఐబీఎం వారి డీప్ బ్లూ చెప్పిన ఎత్తుల ప్రకారం పావులు జరిపినవాడు మాత్రమే. పూర్తిస్థాయి సమయ నిబంధనలతో సాగిన ఆటలో పట్టంలో ఉన్న విజేత యంత్రానికి తలవంచడం అదే మొదలు. ఆ ఘట్టానికి ముప్పై ఏళ్లు నిండాయి. మనిషి గొప్పా, యంత్రం గొప్పా అన్న నాటి ప్రశ్న ఎప్పుడో తేలిపోయింది. ఆ గొప్పను దేనితో తూచాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

తొలినాళ్లలో తూకం సులువు. 1952లో ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్, తన ప్రోగ్రామును నడిపే కంప్యూటర్ లేక తానే కంప్యూటరై, ఒక్కో ఎత్తుకు అరగంట చొప్పున కాగితం మీద లెక్కలు కట్టి అలిక్ గ్లెనీ చేతిలో ఓడిపోయారు. ఎదుట ఎవరు కూర్చున్నారో చెబితే యంత్రం బలం తెలిసిపోయే రోజులవి. భౌతికశాస్త్ర ఆచార్యుడు అర్పాద్ ఎలో కట్టిన లెక్కను ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాక బలానికి అంకె వచ్చింది: ప్రత్యర్థి కంటే 200 పాయింట్లు ఎక్కువున్నవాడు నూరు ఆటలకు 76 పాయింట్లు రాబట్టాలి. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ తన యంత్రాన్ని దానిమీదే పోటీకి నిలిపి, ఒక్క ఎత్తు ఎక్కువ లోతుగా చూడగలిగితే సుమారు 200 పాయింట్ల బలం పెరుగుతోందని చూపారు. యంత్రానికి యంత్రమే తూకపురాయి అయింది.

1997 మేలో న్యూయార్క్‌లో, సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించే డీప్ బ్లూ 3.5-2.5తో కాస్పరోవ్‌ను ఓడించింది. మళ్లీ పోటీకి దిగకుండానే తెర వెనక్కి వెళ్లిపోయింది. 2006లో బాన్ నగరంలో నాటి విజేత క్రామ్నిక్ ఒక్క ఎత్తు దూరంలో ఉన్న ఆటకట్టును గమనించక ఒక ఆట పోగొట్టుకుని, డీప్ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రాము చేతిలో 2-4తో ఓడాక, మనిషిని తూకపురాయిగా నిలిపే కాలం దాదాపు ముగిసింది.

అప్పటినుంచి తూకం ఇంజిన్ల మధ్యే, అంటే చదరంగం ఆడే ప్రోగ్రాముల మధ్యే. 2008లో నార్వే, ఇటలీ, ఫిన్లాండ్ ప్రోగ్రామర్ల చేతుల్లో రూపుదిద్దుకున్న స్టాక్‌ఫిష్‌కు 2013 నుంచి ఫిష్‌టెస్ట్ అనే పరీక్షశాల తోడైంది. ఎవరో ఔత్సాహికుడు కోడ్‌లో ఒక్క పంక్తి మారుస్తాడు. పాత రూపమూ కొత్త రూపమూ ఒకే ఆరంభం నుంచి, రంగులు మార్చుకుని, రెండేసి ఆటలు ఆడతాయి. ఒక్కో పక్షానికి మొత్తం పది సెకన్లు, ఎత్తుకు పదోవంతు సెకను అదనం. స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్ల మీద ఇలా వేల ఆటలు సాగాక, ఒకటి రెండు పాయింట్ల లాభం నిజమో, అదృష్టమో తేలుతుంది. లాభాపేక్ష లేని సామూహిక శ్రమ సాధించిన ఈ నిక్కచ్చితనం ఈ ముప్పై ఏళ్లలో గర్వించదగ్గ ఘనత.

అంత నిక్కచ్చి తక్కెడకూ షరతులే ప్రాణం. 2017 డిసెంబరులో డీప్‌మైండ్ వారి ఆల్ఫాజీరో నూరు ఆటల్లో 28 గెలిచి, 72 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా స్టాక్‌ఫిష్‌ను మించినప్పుడు లోకం ముక్కున వేలేసుకుంది. తెలిసినవారు మాత్రం ఎత్తుకు నిమిషమే ఎందుకిచ్చారు, మెమరీ అంత తక్కువెందుకని నిలదీశారు. మరుసటి ఏడాది వెయ్యి ఆటల్లో 155 గెలిచి, 6 ఓడిన ఫలితం వచ్చాకే వాదం చల్లబడింది. 2020లో స్టాక్‌ఫిష్ కూడా, జపాను చదరంగమైన షోగి కోసం పుట్టిన న్యూరల్ నెట్‌వర్క్ పద్ధతిని తనలో కలుపుకుంది.

నేడు ఇంజిన్ల పట్టికల్లో ఎలో అంకెలు 3600 దాటాయి. 2024 డిసెంబరులో మన ఓరుగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి మనుషుల పట్టికలో 2801కి చేరి, ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడయ్యాడు. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం మాత్రం తప్పు. ఎలో అంకె తమలో తాము ఆడుకునేవారి మధ్య తేడానే చెబుతుంది. ఇంజిన్లు మనుషులతో సరిసమాన పోటీలు ఆడటం దాదాపు మానేసి చాలాకాలమైంది. పైగా మామూలు ఆరంభాలిస్తే డ్రాలే మిగులుతున్నాయని, కావాలనే ఒక పక్షానికి మొగ్గున్న స్థితులనుంచి వాటిని ఆడిస్తున్నారు. జేబులోని ఫోన్ విజేత కంటే బలమైనదైనందుకు, టోర్నీ హాలు గుమ్మంలో ఆటగాళ్లను తనిఖీ చేయాల్సి వస్తోంది.

మిగిలిన పని పెద్దదే. ఏ ఎత్తు మంచిదో ఇంజిన్ అంకెతో చెబుతుంది. ఎందుకని అడిగే పిల్లవాడికి గురువే విప్పిచెప్పాలి. ఆ విప్పిచెప్పే శక్తిని తూచే తక్కెడ ఇంకా రాలేదు. కృత్రిమ మేధ మనిషిని దాటిందంటూ రోజుకో అంకె వెలువడుతున్న ఈ రోజుల్లో, ఎన్ని ఆటలు, ఏ షరతులు, ఎవరితో అని అడిగే అలవాటును చదరంగం నుంచి అరువు తెచ్చుకోవాలి. ఫిలడెల్ఫియాలో ఆ తొలి ఆట చూసి చాలామంది తీర్పు చెప్పేశారు; మర్నాడే కాస్పరోవ్ గెలిచాడు, వారం గడిచేసరికి పోటీ 4-2తో అతనిదే అయింది.