అప్పులు ఎవరివి?

విడాకుల తగువు పెద్దమనుషుల ముందుకొచ్చినా, రాజమండ్రిలో కోర్టుకెక్కినా మనం మాట్లాడేది భరణం గురించే. అప్పుల ఊసు ఎవరూ ఎత్తరు.

కోనసీమలోనో, భీమవరం పక్కనో ఒక ఇల్లు తీసుకోండి. పొలం, ఇల్లు భర్త పేరనో, మామగారి పేరనో ఉంటాయి. డ్వాక్రా అప్పుకు సంతకం మాత్రం ఆమెది. ఆ డబ్బు కౌలుకో, చేపల చెరువుకో, ఇంటి శ్లాబుకో పోయి ఉంటుంది. విడిపోయాక చెరువు అతనిది, వాయిదాలు ఈమెవి. కట్టకపోతే తోటి సభ్యులే గుమ్మంలో నిలబడతారు.

చట్టం ఏం చేస్తోంది? 1955 హిందూ వివాహ చట్టం 27వ సెక్షన్, పెళ్లి సందర్భంలో ఇద్దరికీ ఉమ్మడిగా ఇచ్చిన ఆస్తి వరకే. కాపురంలో కూడబెట్టినదాంట్లో భార్యకు వాటా అనే మాటే అందులో లేదు. భర్త స్థిరాస్తిలో భాగం ఇప్పించే సవరణ బిల్లు 2013లో రాజ్యసభ దాటింది, 2014లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. నాట్లు వేసి, పాడి చూసి, పిల్లల్ని పెంచిన చాకిరీకి ఖరీదు కట్టే నాథుడు లేడు.

పుట్టింటి బంగారం సంగతి వేరు. అది భర్త దగ్గరున్నా భార్య సొత్తేనని 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలమూ ఆమెదే, కానీ రిజిస్టరు చేయించే తండ్రులెందరు? నోటిమాట కోర్టులో నిలవడం కష్టం.

ఇద్దరూ ఒప్పుకుని విడిపోయేచోట "ఈ అప్పు నేను తీరుస్తాను" అని భర్త రాసిచ్చినా బ్యాంకు దాన్ని లెక్కచేయదు. సంతకం పెట్టినవాళ్లనే అడుగుతుంది. అందుకే కార్యకర్తలు ముందు ఆ బాకీ కట్టించి, రసీదు చేతికొచ్చాకే ఒప్పందంపై ఆమె చేత సంతకం పెట్టించాలి.