డిగ్రీ దండగ అనేదెవరు?

కలకడ పొలాల్లో టమాటా కోతకు మనుషులు చాలనప్పుడల్లా ఆసాములు ఒకే పాట ఎత్తుకుంటారు: 'కూలోళ్ల పిల్లోళ్లకు డిగ్రీలెందుకబ్బా?' తమ కొడుకులను బెంగుళూరు కాలేజీల్లో చేర్చిన నోళ్లే ఇవి!

లెక్క మనమూ వేద్దాం. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నూరు రోజులూ పని దొరికినా 30,700. ఈ సొమ్ముతో మదనపల్లెలో బిడ్డ గది బాడుగ, తిండి, బస్సు ఖర్చు, పరీక్ష ఫీజు కట్టేదెట్లా? అప్పు చేసి చదివిస్తే, 2022-23 కేంద్ర కార్మికశక్తి సర్వే లెక్కన రాష్ట్రంలో పట్టభద్రుల నిరుద్యోగం 24 శాతం. తల్లిదండ్రుల దిగులు ఉత్తిది కాదు. అయితే తప్పు చదువుదా, ఖాళీలు నింపని ప్రభుత్వాలదా?

ఫీజు రీయింబర్స్‌మెంటుకు విద్యా దీవెన అని పేరు పెట్టారు. 2024లో ప్రభుత్వం మారింది, పేరూ పోయింది, బకాయి మిగిలింది. ఆ బకాయి చూపి కొన్ని కాలేజీలు పిల్లల సర్టిఫికెట్లు బిగబట్టుకుంటున్నాయి. సర్టిఫికెట్ చేతికి రాని డిగ్రీ నిజంగానే దండగ! ఒరిజినళ్లు ఉంచుకోరాదని యుజిసి 2018లోనే చెప్పింది. ఆ కాగితం నకలు పట్టుకొని ఊరి కూలీలందరం కలిసి ప్రిన్సిపాల్ గదికి పోదాం. బిడ్డ ఒక్కడే పోతే 'రేపు రా' అంటారు.