నాకౌట్ పందెములు – ఆట నెరిగినవాని నష్టము

ఆంగ్లదేశపు అగ్రశ్రేణి రగ్బీ క్లబ్బుల పోటీయందు 2003లో గ్లౌస్టర్ జట్టు, 22 ఆటల లెక్క ముగియునప్పటికి తన తరువాతి జట్టుకంటె 15 పాయింట్లు ముందుండియు, విజేతను తుది నాకౌట్ ఆటలచే నిర్ణయించు, ఆ యేటి నుండి అమలునకు వచ్చిన ప్లే ఆఫ్ నియమము వలన విజేత కాజాలక, వారముల తరబడి ఆటలేక వేచియుండి, ట్వికెన్‌హామ్ ఫైనలులో ఆ రెండవ జట్టగు వాస్ప్స్ చేతనే 39-3 స్కోరుతో ఘోరముగా నోడిపోయినది.

ఇట్టి పోటీలపై పందెము కాయువారిలో గట్టిగా దెబ్బతినువాడు ఆట తెలియనివాడు కాడు, తెలిసినవాడే. ఏ ఆటగాని మోకాలు నొచ్చినదో, ఏ జట్టు వానలో తడబడునో యెరిగిన యభిమాని, ఏడాది పొడవునను సత్యముగా నిలిచిన తన జ్ఞానము, ఒక్క రెడ్ కార్డుతో తారుమారగు ఒక్క సాయంకాలమునకును చెల్లునని నమ్మి డబ్బు పెట్టును. అతడెరిగినదంతయు పందెములు స్వీకరించు వ్యాపారియగు బుకీ ముందే యెరిగి ధరలో కలిపియున్నాడు. బలహీనమైన జట్టునకు ముందుగానే కొన్ని పాయింట్లు కలిపి లెక్కించు హ్యాండిక్యాప్ పందెములో ఇరుపక్షములకును 1.91 చొప్పున ధర కట్టి, చెరియొక నూరు పౌండ్లు స్వీకరించినచో, గెలిచినవానికి 191 చెల్లించి 9 పౌండ్లు తాను మిగుల్చుకొనును. ఆ మిగులునకు ఆటతో నిమిత్తము లేదు.

అంతకన్న బాధాకరమైనది మరియొకటి కలదు. మామూలు పందెము 80 నిమిషముల ఆటకే వర్తించును. 2014 ఫైనలులో నార్తాంప్టన్, సారసెన్స్ జట్లు ఆ గడువునకు 14-14తో సమముగా నిలువగా, అదనపు సమయపు చివరి క్షణములలో అలెక్స్ వాలర్ బంతిని గీతపై మోపుటచే నార్తాంప్టన్ 24-20తో గెలిచినది. కాని ఆ జట్టే గెలుచునని మామూలు పందెము కాసినవాడు, తన జట్టు కప్పు నెత్తుచుండగా చూచుచునే సొమ్ము పోగొట్టుకొనినాడు.

2009లో కార్డిఫ్, లీస్టర్ జట్ల నడుమ జరిగిన, ఐరోపా క్లబ్బుల పోటీయగు హైనెకెన్ కప్ సెమీఫైనలు 26-26తో నిలిచి, అదనపు సమయమునను తేలక, గోలు తన్నులతో ముగిసినది. పెనుగులాటలో బంతిని చేజిక్కించుకొనుటయందు జీవితమంతయు ఆరితేరిన కార్డిఫ్ ఆటగాడు మార్టిన్ విలియమ్స్, తనది కాని ఆ పనికి నిలువవలసివచ్చి గురి తప్పెను. ఆ మహాక్రీడాకారుని దుఃఖమును పంచుకొనవలసిన ప్రేక్షకుని, తన పందెపు చీటీ పోయెనని అతనినే నిందించువానిగా మార్చుట ఈ వ్యాపారము చేయు పెద్ద అపకారమని నా నిశ్చితాభిప్రాయము.

మన తెలుగు రాష్ట్రములు రెండును ఆన్‌లైన్ పందెములను చట్టముచే నిషేధించినవి. బ్రిటనులో 2005 నాటి చట్టము క్రింద అనుమతిపత్రముతో బుకీ బహిరంగముగానే వ్యాపారము చేయును. అచ్చట నిషేధము సాధ్యము కాదనుకొన్నను, ఆటగాడు రగ్బీపై పందెము కాయరాదని శాసించిన ప్రపంచ రగ్బీ సంస్థ అంతటితో నూరకుండరాదు. నాకౌట్ ఆటల కాలమున మైదానములలో బుకీల ప్రకటనలను తొలగింపవలెను. 80 నిమిషముల షరతును డబ్బు చెల్లించుటకు ముందే పెద్ద అక్షరములలో చూపవలెనని ప్రభుత్వము నడుగవలెను.