సర్వరు స్థాపనము విద్యార్థుల పనియే

పాఠములు, ప్రశ్నపత్రములు, పటములు ఒక యంత్రమునందుంచి, తక్కిన కంప్యూటర్లు కోరినప్పుడెల్ల వాని కందించు సాఫ్ట్‌వేరునకు సర్వరని పేరు. పాఠశాలలలో దానిని పట్టణమునుండి వచ్చినవారు స్థాపించిపోవుట యాచారమైనది. ఆ పనిని విద్యార్థులే డిస్కునుండి స్వయముగా చేయవలెనని మా యభిప్రాయము.

ఈ యభిప్రాయము మాకు నష్టమువలన గలిగినది. మేము పూర్వము పనిచేసిన యొక పాఠశాలయందు సర్వరు స్థాపించిన యాతడు డిస్కును తన సంచిలోనే కొనిపోయెను. రూట్ పాస్‌వర్డును ఎవ్వరికిని జెప్పలేదు. అడుగవలెనని మాకును దోచలేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస దాపున తీరము దాటెను. పలుదినములు కరెంటు లేదు, ఫోను లేదు. కరెంటు వచ్చిన పిదప ఆ యంత్రము లేవలేదు. స్థాపనపు డిస్కు చేతనున్నచో, దానిలోని రెస్క్యూ మోడ్ అను మార్గమున యంత్రమును తెరచి, లోపలి పాఠములను వేరొక చోటికి నకలు తీసికొనియుందుము. డిస్కునకు ఇంటర్నెట్టుతో బనిలేదు గదా! ఆ యేడు పిల్లలు పాత నోటుపుస్తకములు వెదకికొని పరీక్షలకు జదివిరి.

పని యెట్టిదో కొంత వివరించెదము. యూనిక్సు 1969లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలలో పుట్టినది. ఆ మాదిరిని 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును వ్రాసెను. దానిపై నిలిచిన డెబియన్ 1993లో ఆరంభమైనది. నకలు తీసి పంచుకొనుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు.

మొదట డిస్కుప్రతిని పరీక్షింపవలెను. షా-256 అను లెక్కచే వచ్చు 64 అక్షరములలో ఒక్కటి భేదించినను ఆ ప్రతి పనికిరాదు. పిమ్మట ప్రాసెసరు జాతి చూడవలెను. ఒక జాతికి జేసిన డిస్కు వేరొక జాతి యంత్రముపై నడువదు. నౌపడవారికి దీని నింతకంటె జెప్పనేల? గుణుపురపు చిన్నబండి రెండున్నర యడుగుల పట్టాలపై నడచిన కాలమున, మన స్టేషనులో సరకంతయు దించి పెద్దబండి కెక్కింపవలసియుండెను.

డిస్కును మూలముగా జూపి ఆజ్ఞ యిచ్చినచో, అపాచీ సర్వరు తనకు వలసిన తోడు భాగములను తానే వెదకికొని వచ్చును. ఇక్కడ మాకు మిక్కిలి నచ్చిన యేర్పాటొకటి కలదు. యూనిక్సులో 1024కు లోబడిన ద్వారములను రూట్ మాత్రమే తెరువగలడు. సర్వరు ద్వారము 80. రూట్ దానిని తెరచును గాని, వచ్చినవారికి బదులిచ్చు పనిని అధికారము లేని వేరొక సేవకుని కప్పగించును. ఇంతటి పాఠమును పట్టణపు మనిషి యరగంటలో ముగించిపోవుటవలన మన పిల్లలు చూడకయే పోవుచున్నారు.

పిల్లలు యంత్రమును పాడుచేయుదురని కొందరు తల్లిదండ్రులు భయపడుచున్నారు. పాడుచేయనిండు! మూలబడిన పాత యంత్రమొకటి వారికిచ్చిన జాలును. పదిమార్లు స్థాపించినను డిస్కు తరుగదు. పదవ తరగతివారికి తీరిక లేదనుట మాత్రము నిజమే. కావున ఎనిమిది, తొమ్మిది తరగతులవారికే యీ పని యొప్పగింపవలెను. మరియొక మాట: పాత డిస్కులో క్రొత్త భద్రతా సవరణలుండవు గనుక, ఇంటర్నెట్టునకు గలిపిన సర్వరునకు అది యొక్కటియే చాలదు.

రూట్ పాస్‌వర్డు పిల్లలందరికి జెప్పదగదు. కవరులో మూసి ప్రధానోపాధ్యాయుని బీరువాలో నుంచవలెను. చేసిన ప్రతి పనియు, ఇచ్చిన ప్రతి యాజ్ఞయు విద్యార్థులు తేదీతో నోటుపుస్తకమున తెలుగుననే వ్రాయవలెను. పాఠముల నకలు వేరుగా నుండవలెను. మనది ఉప్పుగాలి తగులు నూరు. డిస్కుప్రతులు రెండు తీసి, వానుపాములు లేని పెట్టెలలో వేర్వేరు గదులందుంచి, ఏటేట తుపానుల కాలమునకు ముందు పాత యంత్రముపై రెంటిని నడిపి చూడవలెను.